ఆపమన్నారు సరే, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఒడిశా వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం... ఊళ్ళు వేరు, మనుషులు వేరు, కానీ అందరి గొడవా ఒకటే. ఇంట్లో ఒకరికి క్యాన్సర్, ఆపరేషన్ తేదీ దగ్గరపడింది, రక్తం గడ్డకట్టకుండా ఏదో మందు నడుస్తోంది, దాన్ని ఆపాలా వద్దా అన్నదానికి తలా ఒక మాట చెబుతున్నారు. అందుకే ఈసారి షుగరు, మోకాళ్ళ నొప్పుల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తా, ఇక్కడ రాసిన రోజుల లెక్క మీ డాక్టరుతో మాట్లాడటానికి, ఇంట్లో కూర్చుని మీ అంతట మీరు మందు ఆపడానికి కాదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాయగడ. అమ్మకి 58 ఏళ్ళు. పెద్దపేగు చివర క్యాన్సర్ అని తేలి విశాఖలో రేడియేషన్, కీమో అయ్యాయి. మధ్యలో ఎడమ కాలు తొడ దాకా వాచిపోతే డాప్లర్ స్కాన్ చేసి క్లాట్ (రక్తపు గడ్డ) ఉందన్నారు. అప్పటి నుంచి అపిక్సాబాన్ 5 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేస్తున్నాం, రెండున్నర నెలలైంది. ఈ మంగళవారం కాక పై మంగళవారం ఆపరేషన్. అక్కడి నుంచి ఫోన్ చేసిన సిస్టర్ వారం ముందే ఆపేయమంది. మందు రాసిన మా ఊరి డాక్టరు గారేమో ఒక్క పూట కూడా ఆపొద్దంటున్నారు. మా మావయ్య మెడికల్ షాపులో అడిగొచ్చి, మాత్ర ఆపి దాని బదులు ఇంజెక్షన్లు వేయించాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, ముగ్గురూ మీ మంచి కోరే చెప్పారు, కానీ ముగ్గురికీ కనబడుతున్నది సగం సగమే. సర్జన్ వైపు వాళ్ళకి ఆపరేషన్ టేబుల్ మీద రక్తం ఆగకపోతే ఎలా అన్న భయం, క్లాట్ చూసిన డాక్టరుకి ఆ గడ్డ కాలి నుంచి ఊపిరితిత్తులకి వెళితే ఎలా అన్న భయం. రెండు భయాలూ నిజమే. మందు ఆపకుండా పేగు ఆపరేషన్ చెయ్యరు, అలాగని వారం రోజులు ఆపాల్సిన పనీ సాధారణంగా ఉండదు.

అపిక్సాబాన్, రివరాక్సాబాన్ లాంటి కొత్త మాత్రలు ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోతాయి. కిడ్నీలు బాగా పనిచేస్తుంటే, పెద్ద ఆపరేషన్‌కి ముందు రెండు రోజులు పూర్తిగా మానేస్తే చాలని 2019లో వెలువడిన పాజ్ అనే అధ్యయనం చూపించింది. అందులో ఉన్నవాళ్ళు గుండె లయ తప్పి మందు వాడుతున్నవాళ్ళు, మీ అమ్మగారి లాంటి క్లాట్ పేషంట్లు కాదు, అయినా ఇప్పుడు చాలాచోట్ల క్లాట్ ఉన్నవాళ్ళకి కూడా ఆ రోజుల లెక్కనే ఆధారం చేసుకుంటున్నారు. మీకు వర్తింపజేస్తే ఇలా వస్తుంది: మంగళవారం ఆపరేషన్, శనివారం రాత్రి ఆఖరి మాత్ర, ఆది సోమవారాలు ఖాళీ, మంగళవారం పొద్దున కూడా లేదు. వెన్నులో సూది పెట్టి మత్తు ఇచ్చే ఆలోచన ఉంటే మత్తు డాక్టరు ఇంకాస్త ముందు నుంచి, మూడు పూర్తి రోజుల ఎడం ఉండేలా ఆపమంటారు, ఎందుకంటే వెన్నుపూస లోపల చిన్న రక్తపు గడ్డ కట్టినా కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మత్తు ఏ రకమో ముందే అడిగి తెలుసుకోండి. చాలామంది మత్తు డాక్టరుని ఆపరేషన్ రోజు పొద్దున మాత్రమే చూస్తారు, అప్పటికి ఆలస్యం అయిపోతుంది, ముందు రాత్రి వేసుకున్న ఒక్క మాత్ర వల్ల ఆపరేషన్ వాయిదా పడొచ్చు. రాయగడ నుంచి రైలెక్కి వెళ్ళి వాయిదా వేయించుకుని రావడం ఎంత విసుగో మీకు నేను చెప్పక్కర్లేదు.

మావయ్య గారు చెప్పిన ఇంజెక్షన్ల సంగతి. అది పాత రోజుల పద్ధతి, వార్ఫరిన్ అనే పాత మాత్ర కాలం నాటిది. వార్ఫరిన్ ఒంట్లోంచి వెళ్ళడానికి అయిదు రోజులు పడుతుంది కాబట్టి ఆ మధ్యలో హెపారిన్ ఇంజెక్షన్లు వేసేవారు. అపిక్సాబాన్‌కి ఆ అవసరం లేదు. రెండు రోజుల ఖాళీలో ఇంజెక్షన్ వేస్తే రక్షణ పెద్దగా పెరగదు, రక్తస్రావం మాత్రం పెరుగుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత ఆయన మాట నిజం కావచ్చు. పేగు కోసి అతికాక కొన్ని రోజులు నోటి ద్వారా ఏమీ ఇవ్వకపోవచ్చు, ఆ రోజుల్లో ఇంజెక్షనే దిక్కు. మామూలుగా రక్తస్రావం అదుపులో ఉంటే మర్నాటి నుంచి తక్కువ డోసు, రెండు మూడు రోజులు గడిచాక పూర్తి డోసు, తినడం మొదలయ్యాక తిరిగి మాత్ర. మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెడితే అందులో ఎర్రటి రక్తం కనబడుతోందేమో మీరు కూడా చూస్తూ ఉండండి, సిస్టర్ వచ్చేదాకా ఆగకండి.

ఇంతకీ క్యాన్సర్‌కీ కాలి వాపుకీ ఏం సంబంధం అని మీరు చివర్లో ఇంకో వాక్యం రాశారు. చాలా సంబంధం ఉంది. క్యాన్సర్ కణాలు రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాల్ని వదులుతాయి, దానికి కీమో తోడవుతుంది, మంచం మీద పడుకోవడం తోడవుతుంది, ఆపైన ఆపరేషన్. పారిస్‌లో త్రూసో అనే డాక్టరు 1865లోనే ఈ సంబంధం గురించి చెప్పాడు. విచిత్రం ఏమిటంటే రెండేళ్ళ తర్వాత ఆయనకే రక్తనాళంలో గడ్డకట్టింది, అది చూసి తనకి కడుపులో క్యాన్సర్ ఉందని ఆయనే పోల్చుకున్నాడు, 1867లో దానితోనే పోయాడు. పొట్ట, క్లోమం క్యాన్సర్లలో ఈ గడ్డల బెడద అన్నిటికన్నా ఎక్కువ.

ఇంకో ముఖ్యమైన సంగతి గడ్డ వయసు. కాలిలో గడ్డకట్టిన మొదటి నెల చాలా గండం, మూడు నెలలు దాటితే ప్రమాదం బాగా తగ్గుతుంది. మీ అమ్మగారికి రెండున్నర నెలలు. రేడియేషన్ అయ్యాక ఆపరేషన్‌కి సాధారణంగా కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది, కాబట్టి "ఇంకో రెండు వారాలు ఆగితే క్యాన్సర్ పరంగా నష్టమా?" అని సర్జన్ గారిని అడగడంలో తప్పు లేదు. నష్టమే అంటే ఆగొద్దు. గడ్డకట్టి నెల కూడా కానివాళ్ళకి ఆపరేషన్ తప్పనిసరి అయితే పొట్టలోని పెద్ద సిరలో తాత్కాలికంగా ఒక ఫిల్టర్ పెడతారు, గడ్డ పైకి పోకుండా జల్లెడలా అడ్డుపడుతుంది. అదీ మీకు రాకపోవచ్చు, కానీ ఇది చదివే ఎవరికైనా పెట్టి ఉంటే దాన్ని తీసే తేదీ అడిగి రాయించుకోండి. పెట్టించుకున్నాక మర్చిపోయి ఏళ్ళ తరబడి లోపలే ఉంచేసుకునేవాళ్ళున్నారు.

అసలు నేను ఈ జవాబంతా రాస్తున్నది ఒక్క విషయం కోసం. ఆపమని అందరూ చెబుతారు. మళ్ళీ మొదలుపెట్టమని చెప్పే మనిషి ఉండడు. సర్జన్ గారు కుట్టు మానిందని డిశ్చార్జి చేస్తారు, కాగితంలో యాంటీబయోటిక్, గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర ఉంటాయి, అపిక్సాబాన్ ఉండదు. ఊరికొచ్చాక రాయగడ డాక్టరు గారు అక్కడ చెప్పే ఉంటారులే అనుకుంటారు. నెల తిరక్కుండా అదే కాలు మళ్ళీ వాస్తుంది. ఆసుపత్రి ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. అందుకని ఆపరేషన్‌కి ముందే ఒక కాగితం మీద రాయించుకోండి: ఆఖరి మాత్ర ఏ తేదీ ఏ పూట, తర్వాత మొదలుపెట్టేది ఏ మందు, ఎంత డోసు, ఏ తేదీ, ఏదైనా అయితే ఏ డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. కింద సంతకం. డిశ్చార్జి రోజు ఆ కాగితాన్ని సమ్మరీ పక్కన పెట్టి పోల్చి చూసి, తేడా ఉంటే అక్కడే అడిగి గానీ కదలొద్దు. క్యాన్సర్ చికిత్స నడుస్తున్నంత కాలం ఈ మందు సాధారణంగా కొనసాగిస్తారు, మూడు నెలలు అయిపోయాయి కదా అని మీరే ముగించొద్దు.

వచ్చేటప్పుడు రైల్లో నాలుగైదు గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టకండి, మధ్యమధ్యలో బోగీలో నాలుగడుగులు నడిపించండి.

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు మాది. మా అత్తగారికి 55. చిన్నప్పటి కీళ్ళవాతం వల్ల గుండె కవాటం పాడైతే పదేళ్ళ కిందట స్టీలు వాల్వ్ వేశారు, మిట్రల్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) అని రాసుంది. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వేసుకుంటుంది. అడ్డపొగ (చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు, ఎంత చెప్పినా మానలేదు. ఇప్పుడు అంగిట్లో పుండు పడింది, బయాప్సీ చేసి క్యాన్సర్ అయితే ఆపరేషన్ అంటున్నారు. పక్కింటి అబ్బాయి వాళ్ళ నాన్నకి వాడే కొత్త మాత్రలకి మార్చేస్తే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే ఈ ఐఎన్ఆర్ పరీక్షల బాధ ఉండదంటున్నాడు. మార్చొచ్చా?

జవాబు: మార్చకూడదు. ఇందులో మొహమాటం లేదు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళకి కొత్త మాత్రలు పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని ఇలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళలో ప్రయత్నించిన పరీక్షని గడ్డలూ, రక్తస్రావమూ రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. పక్కింటాయనకి ఉన్నది వేరే జబ్బు అయ్యుంటుంది.

బయాప్సీ అంటే చిన్న ముక్క తీయడమే. ఐఎన్ఆర్ హద్దులో ఉంటే చాలామంది డాక్టర్లు అసిట్రోమ్ ఆపకుండానే చేస్తారు, నోట్లో రక్తం కారితే గాజుగుడ్డతో నొక్కి ఆపొచ్చు. కాబట్టి బయాప్సీ రోజుకి ఒక రెండు రోజుల ముందు ఐఎన్ఆర్ చేయించి కాగితం పట్టుకెళ్ళండి. ఆపరేషన్ మాత్రం వేరు. అసిట్రోమ్ రెండు మూడు రోజుల ముందు ఆపుతారు, వార్ఫరిన్ అయితే అయిదు రోజులు, రెండూ అన్నదమ్ముల్లాంటి మందులే గానీ ఆపే రోజులు మాత్రం వేరు, కాబట్టి ఎవరి లెక్కో విని ఆపొద్దు. ఐఎన్ఆర్ 1.5 కన్నా తగ్గాక కత్తి పెడతారు. పై జవాబులో ముందు ఇంజెక్షన్లు అక్కర్లేదన్నాను కదా, మీ అత్తగారి విషయంలో అది తిరగబడుతుంది. 2015లో వచ్చిన బ్రిడ్జ్ అధ్యయనంలో ఇంజెక్షన్ వేసినవాళ్ళకీ వెయ్యనివాళ్ళకీ గడ్డలు దాదాపు సమానంగానే వచ్చాయి, పెద్ద రక్తస్రావం మాత్రం వేసినవాళ్ళలో 3.2 శాతం, వెయ్యనివాళ్ళలో 1.3 శాతం. దాంతో చాలామందికి ఇంజెక్షన్లు మానేశారు. కానీ లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళని ఆ అధ్యయనంలో చేర్చనే లేదు. మిట్రల్ స్థానంలో లోహపు వాల్వ్ మీద గడ్డకడితే పక్షవాతమో, వాల్వ్ బిగుసుకుపోవడమో అవుతుంది, అందుకని ఈమెకి మాత్ర ఆపిన రోజుల్లో హెపారిన్ వెయ్యాలనే ఎక్కువమంది అంటారు. పొట్ట చర్మం కింద వేసే రకం హెపారిన్ అయితే ఆఖరి డోసుకీ ఆపరేషన్‌కీ మధ్య 24 గంటలు ఉండాలి. గుండె డాక్టరు మాట లేకుండా ఇది ఎవరూ తేల్చకూడదు.

ఇంకో చిక్కు. నోట్లో పుండు వల్ల ఆవిడ గంజి తప్ప ఏమీ తిని ఉండదు. తిండి తగ్గితే ఐఎన్ఆర్ పైకి పోతుంది. నోటి పూతకి ఫ్లుకోనజోల్ రాస్తే ఇంకా పైకి పోతుంది, తర్వాత్తర్వాత కేపెసిటబిన్ అనే కీమో మాత్ర రాస్తే మరీను. కొత్త మందు ఏది మొదలైనా నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి. తోటకూర, మునగాకు మానిపించక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో పెట్టండి చాలు. ఒక వారం శాగం (ఆకుకూర) వండి ఇంకో వారం అసలు లేకుండా చేస్తేనే ఇబ్బంది.

అడ్డపొగ సంగతి మీకు తెలిసిందే. నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటే ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిటికే, శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ కనబడేది అందుకే. ఇప్పుడు తిట్టి లాభం లేదు. ఆపరేషన్ కుట్లు మానాలంటే చుట్ట మానాలని మీరు చెబితే వినదు, సర్జన్ గారితో చెప్పించండి, ఆ మాటకి ఈ వయసు వాళ్ళు కాస్త విలువిస్తారు.

ప్రశ్న: గుణుపురం. మా అక్కకి అండాశయంలో క్యాన్సర్ గడ్డకి పెద్ద ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇనాక్సాపరిన్ 40 మి.గ్రా. సూదులు రోజుకొకటి, మొత్తం 28 రోజులకి రాశారు. రోజూ వేసే మా వీధి కాంపౌండర్ "క్లాట్ ఏమీ లేదు కదా, ఇన్ని ఎందుకు, పది చాలు" అంటున్నాడు. పొట్టంతా నీలం మచ్చలు. ఫ్రిజ్ కూడా లేదు, ఈ ఎండల్లో పాడవుతాయేమో.

జవాబు: క్లాట్ లేదు కాబట్టే, రాకుండా ఉండటానికి వేస్తున్నారు తమ్ముడూ. పొట్టలో క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళకి గడ్డలు ఆసుపత్రిలో ఉన్నప్పుడే రావు, ఇంటికొచ్చాక రెండు మూడు వారాలకీ వస్తాయి. వారం రోజులు సూదులు వేసి ఆపినవాళ్ళనీ, నాలుగు వారాలు వేసినవాళ్ళనీ పోల్చి 2002లో ప్రచురించారు: ఆపినవాళ్ళలో 12 శాతం మందికి గడ్డలు కనబడ్డాయి, నాలుగు వారాలు వేసినవాళ్ళలో 4.8 శాతమే. ఇందులో చాలావరకు బయటికి వాపు తెలియకుండా పరీక్షలో దొరికిన గడ్డలు, ఆ మాటా చెప్పాలి. అయినా 28 పూర్తిచేయండి. ఖర్చు, సూది రెండూ భరించలేకపోతే మధ్యలో మానెయ్యకుండా సర్జన్‌ని అడగండి, ఆడవాళ్ళ క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత ఈ సూదికి బదులు అపిక్సాబాన్ చిన్న మాత్రని 400 మందిలో పోల్చి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది, పెద్ద రక్తస్రావంలో తేడా కనబడలేదు. కిడ్నీ పరీక్ష చూసి ఆవిడకి కుదురుతుందో లేదో వాళ్ళే చెప్పాలి.

మచ్చలు పడటం సూది వేసే తీరులో ఉంది. సిరంజి లోపల చిన్న గాలి బుడగ కనబడుతుంది, మొత్తం డోసు వేస్తున్నప్పుడు దాన్ని బయటికి నెట్టకూడదు, మందు పూర్తిగా లోపలికి పోవడానికే అది ఉంది. బొడ్డుకి కనీసం రెండంగుళాల దూరంలో, కుట్లకి దూరంగా, పక్కన కొవ్వు ఉన్నచోట చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి, సూదిని నిటారుగా గుచ్చి, మందు అయ్యేదాకా ఆ మడత వదలకూడదు. తీశాక దూది అద్దాలి, రుద్దకూడదు. మన కాంపౌండర్లకి అన్ని ఇంజెక్షన్లూ వేశాక బాగా రుద్దడం అలవాటు, ఆ రుద్దుడుకే సగం నీలాలు. ఈ రోజు కుడి పక్క, రేపు ఎడమ పక్క. నిజం చెప్పాలంటే ఇది మీ అక్క గానీ మీరు గానీ నేర్చుకుని వేసుకోగల సూదే.

ఫ్రిజ్ అక్కర్లేదు, ఫ్రీజరులో అసలే పెట్టకూడదు. 25 డిగ్రీలు దాటని చోట ఉంచమని పెట్టె మీదే ఉంటుంది, వేసవిలో రేకుల ఇంట్లో అది కుదరని పని. అందుకని ఒకేసారి అన్నీ కొనకుండా ఏసీ ఉన్న మెడికల్ షాపులో వారానికి సరిపడా తెచ్చుకోండి. వాడిన సూదులు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి ఆశా దీదీకి ఇవ్వండి, చెత్తకుప్పలో వద్దు. ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. నాకు ఎనిమిది నెలల కిందట హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నాను. రొమ్ములో గడ్డ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి పది రోజుల ముందే రెండూ ఆపమని మా చెల్లెలి భర్త అంటున్నారు.

జవాబు: వద్దమ్మా. మీవి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలైన ప్లేట్‌లెట్ల మీద పనిచేసే మందులు, పైన రాసినవాటికి వీటికీ పోలిక లేదు. రెండూ ఒకేసారి ఆపితే స్టెంట్ మూసుకుపోయి మళ్ళీ గుండెపోటు రావొచ్చు. గుండెపోటుకి వేసిన స్టెంట్ అయితే ఆపరేషన్లని వీలైతే ఏడాది దాటాక చేయమంటారు, క్యాన్సర్ ఏడాది దాకా ఆగదు, కాబట్టి సర్జన్, గుండె డాక్టరు కూర్చుని తేల్చుకోవాల్సిందే. చాలాసార్లు క్లోపిడోగ్రెల్‌ని అయిదు రోజుల ముందు ఆపి ఆస్పిరిన్‌ని నడవనిస్తారు. ఆగిన క్లోపిడోగ్రెల్ మళ్ళీ ఏ రోజున మొదలవుతుందో, అదీ రాయించుకోండి.

ప్రశ్న: జయపురం. నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్, క్లాట్‌కి రివరాక్సాబాన్ వాడుతున్నారు. పన్ను ఒకటి పీకించాలి. మందు ఆపి వెల్లుల్లి కషాయం తాగితే సరిపోతుందని ఆయన పట్టుబడుతున్నారు. కీమో కూడా నడుస్తోంది.

జవాబు: కూరలో వెల్లుల్లి మామూలుగా తిననివ్వండి, కషాయం మాత్రం రివరాక్సాబాన్ పని చెయ్యదు. ఒక్క పన్నుకి మందు రోజుల తరబడి ఆపక్కర్లేదు, చాలాసార్లు ఆ పొద్దుటి మాత్రని పన్ను తీశాక కొన్ని గంటలకి వెయ్యమంటారు, అంతే. ఇక్కడ నాకు కనబడే పెద్ద అనుమానం కీమో. కీమో తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతాయి, 50 వేల కన్నా తగ్గితే ఈ మందు డోసు సంగతే మళ్ళీ ఆలోచించాలి, 25 వేల లోపైతే సాధారణంగా ఆపేస్తారు. కాబట్టి పన్ను తీసే రోజుకి ముందు రక్తపరీక్ష చేయించి, కీమో ఇస్తున్న డాక్టరుకి ఆ అంకె చెప్పి, ఆయన సరే అన్నాకే పంటి డాక్టరు కుర్చీ ఎక్కించండి. పీకాక నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ ఇవ్వండి. గాజుగుడ్డ అరగంట గట్టిగా కరిచిపెట్టుకోమనండి, మధ్యలో తీసి రక్తం ఆగిందా లేదా అని చూసుకోవద్దని చెప్పండి.